మా బ్యాండుకు ఒక హాంబర్గ్ కావలసివచ్చింది

నా నవల మొదటి ప్రతిలో బ్యాండు 38వ పేజీకే ప్రసిద్ధికెక్కింది. సికింద్రాబాదు మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో పెరిగిన నలుగురు కుర్రాళ్లు 1987లో ఒక షెడ్డులో కలుస్తారు, ఒక పాట కట్టుకుంటారు, ఒక కళాశాల ఉత్సవంలో వాయిస్తారు, జనం ఊగిపోతారు, ఆ తరువాత అన్నీ వరుసగా జరిగిపోతాయి. రాస్తున్నప్పుడు నాకు ఇందులో లోపమేమీ కనిపించలేదు. కథ చురుకుగా నడుస్తున్నదనే అనుకున్నాను. ఆ ప్రతిని నేను మొదట ఇచ్చింది మా వీధిలోనే ఉండే ఒక పెద్దాయనకు. ఆయన పాతికేళ్లకు పైగా ఆర్కెస్ట్రాలలో డ్రమ్స్ వాయించినవాడు. రెండు రోజుల తరువాత కాగితాలు తిరిగి ఇస్తూ ఒకే ఒక్క మాట అడిగాడు: "తమ్మీ, కథ మంచిగనే ఉంది గానీ, షెడ్డుకూ స్టేజికీ నడుమ ఈ పోరగాళ్లు యాడ వాయించిన్రు?"

ఇది 2016 నాటి మాట. ఆ ప్రశ్నకు నమ్మదగిన జవాబు దొరికి, ఆ జవాబు చుట్టూ నవలను మళ్లీ మొదటినుంచి రాసి, అచ్చుకు ఇవ్వడానికి నాకు ఐదేళ్లు పట్టింది. రాక్ బ్యాండు ఎదుగుదలను గురించి తెలుగులో నవల రాయాలనుకునే వారికి పనికివస్తుందేమోనన్న ఆశతో ఆ ఐదేళ్లలో జరిగినదాన్ని ఇక్కడ రాస్తున్నాను.

నేను పుట్టి పెరిగింది మెట్టుగూడలోనే. నాన్నగారు లాలాగూడ వర్క్‌షాపులో పనిచేసేవారు. మా ఎదురు వరుసలో కొన్ని ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఉండేవి. డిసెంబరు వచ్చిందంటే ఆ ఇళ్లలో నుంచి సాయంత్రం వేళ గిటారు వినిపించేది. రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో కొత్త సంవత్సరం డ్యాన్సుకు వాయించబోయే బ్యాండు అక్కడ సాధన చేసేది. లాలాగూడలోనే కాదు, కాజీపేట, గుంతకల్లు, బిట్రగుంట వంటి చోట్ల కూడా ఈ సంగీతం రైల్వే కాలనీలతో పాటే వచ్చి స్థిరపడింది. రాక్ సంగీతం మన దగ్గరకు కేబుల్ టీవీతో వచ్చిందని చాలామంది అనుకుంటారు గానీ, ఆ పాటల్లో సగం మాకు టీవీలో ఎంటీవీ కనిపించడానికి ఎంతో ముందే, ఎదురింటి కిటికీలో నుంచి తెలుసు. నవలకు స్థలం ఎంచుకోవడంలో నాకు ఏ సందేహమూ కలగకపోవడానికి కారణం ఇదే. సందేహమంతా కాలం గురించి, అంటే ఆ నలుగురు మామూలు కుర్రాళ్లు మంచి బ్యాండుగా మారడానికి పట్టిన కాలాన్ని ఏ సంఘటనలతో నింపాలన్న విషయం గురించే.

ముందుగా నేను లోకమంతా ఎరిగిన ఉదాహరణ, ఇంగ్లండు రాక్ బ్యాండు బీటిల్స్ దగ్గరకే వెళ్లాను. జాన్ లెనన్, పాల్ మెకార్ట్‌నీ మొదటిసారి కలుసుకున్నది 1957 జులై 6న, లివర్‌పూల్ శివారులోని వూల్టన్‌లో జరిగిన ఒక చర్చి ఉత్సవంలో. బీటిల్స్‌గా వాళ్లు ఈఎంఐ అనే రికార్డుల సంస్థకు పాడిన మొదటి రికార్డు విడుదలైంది 1962 అక్టోబరు 5న. నడుమ ఐదేళ్ల మూడు నెలలు ఉన్నాయి. వాళ్ల కథ చెప్పేటప్పుడు నేను కూడా అందరిలాగే ఆ ఐదేళ్లనూ ఒక వాక్యంలో దాటేసేవాణ్ణి. ఈసారి తేదీల వారీగా ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ వెళ్లాను.

1960 ఆగస్టు 17న వాళ్లు జర్మనీలోని హాంబర్గ్ నగరంలో, అక్కడి సెయింట్ పౌలీ ప్రాంతంలో, ఇంద్ర అనే క్లబ్బులో వాయించడం మొదలుపెట్టారు. మన ఇంద్రుడి పేరు అక్కడ కనిపించడం నన్ను కొద్దిసేపు ఆపింది. అక్కడ 48 రాత్రులు వాయించిన తరువాత, శబ్దం భరించలేకపోతున్నామని ఇరుగుపొరుగు ఫిర్యాదు చేయడంతో ఆ క్లబ్బులో సంగీతం ఆగిపోయింది; అదే యజమాని వాళ్లను తన మరో క్లబ్బు కైజర్‌కెల్లర్‌కు మార్చాడు. ఒప్పందం ప్రకారం మామూలు రోజుల్లో నాలుగున్నర గంటలు, శని ఆదివారాల్లో ఆరు గంటలు వాయించాలి. పడుకోవడానికి బాంబీ కీనో అనే సినిమా హాలులో తెర వెనుక, మరుగుదొడ్ల పక్కన ఉన్న ఒక సామాన్ల గది ఇచ్చారు. వాళ్లలో గిటారు వాయించే జార్జ్ హారిసన్‌కు అప్పటికి 17 ఏళ్లే. రాత్రిపూట అలాంటి చోట పనిచేసే వయసు కాదని తేలడంతో ఆ నవంబరులో అతన్ని దేశం నుంచి పంపించివేశారు.

ఈ వివరాలన్నీ చదివినప్పుడు నా మనసు పట్టుకున్నది వాళ్లు పడిన కష్టం కాదు, ఆరు గంటలన్న లెక్క. మూడు నిమిషాల పాటలే వాయిస్తే, విరామాలు తీసివేయకుండా చూసినప్పుడు, ఆరు గంటలకు 120 పాటలు కావాలి. ఇరవై ఏళ్లకు అటూ ఇటూ ఉన్న కుర్రాళ్ల దగ్గర అన్ని పాటలు ఎక్కడినుంచి వస్తాయి? అందుచేత వాళ్లు తెలిసిన పాటను సాగదీయాలి, రాత్రికి రాత్రి కొత్త పాట పట్టాలి, ఒకడు అలసిపోతే మరొకడు అందుకోవాలి, తాగి గొడవ చేసేవాళ్ల దృష్టిని ఎలాగైనా తమవైపు తిప్పుకోవాలి. 1960 డిసెంబరు 27న లివర్‌పూల్ దగ్గర లిథర్‌లాండ్ టౌన్ హాలులో వాళ్లు వాయించినప్పుడు 'నేరుగా హాంబర్గ్ నుంచి' అన్న ప్రకటన చూసిన జనంలో కొందరు వాళ్లను జర్మన్లనే అనుకున్నారు. పాట మొదలవగానే జనం వేదిక వైపు తోసుకువచ్చారు. నాలుగు నెలల క్రితం అదే ఊరి నుంచి బయలుదేరిన బ్యాండును ఊరివాళ్లే గుర్తుపట్టలేకపోయారు. ఎదుగుదల అంటే ఏమిటో ఆ ఒక్క సంఘటన నాకు అర్థమయ్యేలా చెప్పింది. అయితే అటువంటి సంఘటన రాయాలంటే దానికి ముందు నూరు రాత్రులు రాయవలసి ఉంటుందని కూడా తెలిసింది.

ఇక నా నలుగురు కుర్రాళ్ల నూరు రాత్రులు ఎక్కడ అన్నది తేల్చుకోవలసి వచ్చింది. కలకత్తాలో అయితే పార్క్ స్ట్రీట్ ఉంది. ట్రింకాస్ వంటి రెస్టారెంట్లలో బ్యాండ్లు రాత్రిపూట క్రమం తప్పకుండా వాయించేవి. దేశంలో పోటీలు కూడా ఉండేవి. సిగరెట్ల కంపెనీ ఇంపీరియల్ టొబాకో 1970, 1971 సంవత్సరాల్లో నడిపిన సిమ్లా బీట్ పోటీలకు దేశం నలుమూలల నుంచి బ్యాండ్లు వచ్చాయి, వాళ్ల పాటలు రికార్డులుగా కూడా వెలువడ్డాయి. కానీ పోటీ అంటే మళ్లీ వేదికే, మళ్లీ పదిహేను నిమిషాలే. నాకు కావలసింది ఎవరూ పట్టించుకోని, ఎవరూ బహుమతి ఇవ్వని, అయినా మానడానికి వీలులేని పని. 1980ల చివర సికింద్రాబాదులో, చేతిలో కలకత్తాలో తయారైన గివ్‌సన్ గిటారు తప్ప మరేమీ లేని కుర్రాడికి రాత్రికి ఐదారు గంటలు వాయించే పని ఎవరిస్తారు? నాలుగు నెలలపాటు నాకు ఇది తోచలేదు. ఆ నాలుగు నెలలూ ఒక్క పేజీ కూడా రాయలేదు.

చివరికి ప్రశ్న అడిగిన పెద్దాయన దగ్గరకే తిరిగి వెళ్లాను. మీరు ఎక్కడ వాయించారన్నా అని అడిగితే ఆయన వేళ్ల మీద లెక్క చెప్పాడు. వినాయక చవితి నుంచి నిమజ్జనం దాకా ఒక్క రాత్రి కూడా ఖాళీ ఉండదు. ఇవాళ సీతాఫల్‌మండి, రేపు చిలకలగూడ, ఎల్లుండి అల్వాల్. దసరాకు మళ్లీ తొమ్మిది రాత్రులు. తరువాత పెళ్లిళ్లు. డిసెంబరు చివర రైల్వే వాళ్ల డ్యాన్సులు. రాత్రి తొమ్మిదికి గణపతి పాటతో మొదలుపెడితే తెల్లవారుజామున రెండు, మూడు గంటలదాకా దిగడానికి లేదు. శబ్ద కాలుష్య నిబంధనలు వచ్చింది 2000లో. రాత్రి పది తరువాత మైకులు ఆపాలన్న పట్టింపు అప్పట్లో లేదు.

ఆ సాయంత్రం ఆయన మాట్లాడుతూ ఉండగానే నాకు హాంబర్గ్ దొరికింది. అది మా ఇంటి వెనుక వీధిలో, నేను చిన్నప్పుడు ప్రసాదం కోసం నిలబడిన మండపం ముందే ఉంది. చిన్నప్పటి నుంచి చూస్తున్నది కనుకనే నాకు అది సంగీతం నేర్చుకునే చోటుగా ఎన్నడూ కనిపించలేదు. పైగా రాక్ బ్యాండు కథలో మండపం ఆర్కెస్ట్రాకు చోటేమిటన్న ఒక చిన్నచూపు కూడా నాలో ఉండిందని ఒప్పుకోవాలి. ఆ చూపు తప్పని ఆయన మాటల్లోనే తెలిసింది.

ఆయన చెప్పినదాన్ని బట్టి ఆ రాత్రులకు ఒక క్రమం ఉంటుంది. పది గంటలదాకా పెద్దవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు కుర్చీల్లో ఉంటారు కాబట్టి భక్తి పాటలు, పాత సినిమా పాటలు నడుస్తాయి. తరువాత చీటీలు రావడం మొదలవుతుంది. ఫలానా పాట కావాలని రాసిన కాగితంలో పదో ఇరవయ్యో చుట్టి వేదిక మీదికి పంపిస్తారు. ఆ పాట మనకు రాదని చెప్పడం కుదరదు. అప్పటికప్పుడు గాయకుడు పల్లవి అందుకుంటే, గిటారు శ్రుతి వెతుక్కుంటే, డ్రమ్మరు మొదటి నాలుగు దెబ్బల్లో నడక పట్టుకోవాలి. ఇళయరాజా పాట అడిగారంటే బేస్ గిటారు వాడికి పరీక్షే. ఆ పాటల్లో బేస్ తన దారిన తాను మరో పాట పాడుతూ ఉంటుంది కనుక, ఊరికే తాళానికి ఒక్కో స్వరం మీటి తప్పించుకోవడానికి ఉండదు. అర్ధరాత్రి దాటాక కుర్చీలు ఖాళీ అవుతాయి. మిగిలేది ఎగిరే కుర్రాళ్లు ఒక పాతికమంది, మండపం కాపలా వాళ్లు, పడుకోవడానికి చోటు లేని ఒకరిద్దరు. "ఒంటిగంట దాటినంక మనం ఏం వాయించినా అడిగేటోడు ఉండడు. గప్పుడు మా గిటార్ పిలగాడు ఇంగ్లీషు పాట ఒకటి నడుమల కలిపేటోడు. పోరగాళ్లకు తెల్వదు, దుంకుడే దుంకుడు" అన్నాడాయన.

నవలకు గుండెకాయ వంటి అధ్యాయం నాకు ఈ మాటలోనే దొరికింది. నా కుర్రాళ్లు తమ మొదటి సొంత పాటను కళాశాల ఉత్సవంలో కాక, 1989 వినాయక చవితి రోజుల్లో, రాత్రి రెండు గంటలకు, రెండు సినిమా పాటల నడుమ, ఎవరికీ చెప్పకుండా వాయిస్తారు. ఎవరూ చప్పట్లు కొట్టరు. అది సొంత పాట అని ఎవరికీ తెలియదు కూడా. కానీ ముందు పాటకు ఎగురుతున్నవాళ్లలో ఒక్కరు కూడా ఆగరు. ఆ నలుగురు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. మొదటి ప్రతిలో నేను 38వ పేజీలో రాసిన జనసముద్రం కన్నా ఈ పాతికమంది నాకు ఎక్కువ నిజంగా కనిపించారు. ఈ సన్నివేశం రాశాక పాత 38వ పేజీని తీసివేశాను; నవలలో ఇప్పుడు బ్యాండు ప్రసిద్ధికెక్కేది 140 పేజీలు గడిచిన తరువాతే.

చోటు దొరికింది కాబట్టి ఇక పని చూడాలనిపించింది. సంగీతం తెలియకుండా సంగీతకారుల గురించి రాసేవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. శబ్దాన్ని ఉపమానాలతో పూడుస్తారు. నా మొదటి ప్రతిలో గిటారు ఉరిమింది, ఏడ్చింది, నిప్పులు కురిసింది, కానీ ఎక్కడా దాని తీగ తెగలేదు. అందుకని ఒక కుర్రాళ్ల బ్యాండును అడిగి, మారేడుపల్లి దగ్గర వాళ్లు అద్దెకు తీసుకున్న గదిలో ఏడాది పాటు ఆదివారాలు కూర్చున్నాను. గోడలకు పాత పరుపులు, గుడ్ల అట్టలు అంటించి ఉండేవి. పెద్ద డ్రమ్ము లోపల మోత తగ్గడానికి ఒక దిండు పెట్టి ఉండేది. తాళం పళ్లెం అంచున చీలిక వస్తే, అది ఇంకా పాకకుండా చీలిక చివర చిన్న బెజ్జం వేయించుకున్నారు. మూడు గంటల సాధనలో కనీసం ముప్పావు గంట కేబుళ్లు సరిచూడడానికే పోతుందని నేను అక్కడే గమనించాను.

ఆ గదిలో నాకు దొరికిన ఒక విషయాన్ని వివరంగా చెప్పాలి. ప్లగ్గుకు ఎర్తు సరిగా లేకపోతే ఆంప్లిఫయర్ నుంచి 'మ్‌మ్' అని ఒక మోత ఆగకుండా వస్తుంది. వాళ్లు దాన్ని హమ్ అంటారు. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది కాబట్టి ఆ మోత కూడా 50 హెర్ట్జ్ దగ్గరే ఉంటుంది. బేస్ గిటారులో అన్నిటికన్నా లావు తీగను మూడో మెట్టు దగ్గర నొక్కి మీటితే వచ్చే 'జీ' స్వరం 49 హెర్ట్జ్. ఒకనాడు కేబుల్ కోసం ఎదురుచూస్తూ బేస్ వాయించే అబ్బాయి ఆ స్వరాన్ని మీటి అలాగే వదిలేశాడు. మోతా, స్వరమూ కలిసి సెకనుకు ఒకసారి మెల్లగా ఉబ్బి తగ్గడం మొదలైంది. గదిలో అందరూ మాట్లాడడం ఆపేశారు. ఎవరో కొలిచి పెట్టినట్టు ఆ ఊపు సాగుతూ ఉంటే, డ్రమ్మరు అబ్బాయి దాని మీదే చాలా మెల్లగా కాలితో దెబ్బ వేయడం మొదలుపెట్టాడు.

ఇంటికి వచ్చి ఈ సంగతి విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైన మా బాబాయికి చెప్పాను. ఆయన వెంటనే, మీ కథ జరిగిన రోజుల్లో అయితే ఆ రెండూ దాదాపు కలిసిపోయేవి అన్నారు. దక్షిణాది గ్రిడ్డు మీద భారం ఎక్కువైన సాయంత్రాల్లో కరెంటు ఊపు 50 నుంచి 49కీ, ఒక్కోసారి అంతకు దిగువకూ పడిపోయేదట. అంటే 1980ల చివర సికింద్రాబాదులో దీపాలు మసకబారిన వేళ, ఎర్తు లేని ఆంప్లిఫయర్ సరిగ్గా 'జీ' శ్రుతి పలికి ఉంటుంది. తంబూరా లేని బ్యాండుకు ఊరి కరెంటే శ్రుతి పట్టిందన్నమాట. నా నవలలో ఆ నలుగురి మొదటి సొంత పాట 'జీ'లో ఉండడానికి కారణం ఇదే. మూడు పేజీల ఆ సన్నివేశంలో నేను ఒక్క ఉపమానం కూడా వాడలేదు, దాని అవసరమూ కలగలేదు. అక్కడి నుంచి మొత్తం నవలకు అదే పద్ధతి పెట్టుకున్నాను: శబ్దం ఎలా ఉందో చెప్పడం తగ్గించి, అది పుట్టడానికి ఎవరి చెయ్యి ఏమి చేసిందో రాయడం.

భాష దగ్గర వచ్చిన చిక్కులు వేరు. సంగీతానికి తెలుగులో మాటలు లేవనుకోవడం పొరపాటు. శ్రుతి, లయ, నడక, ఎత్తుగడ, ముక్తాయింపు అన్నీ ఉన్నాయి. కానీ ఆ మాటలు రాగానే పాఠకుడి ముందు కచేరీ వేదిక కనిపిస్తుంది, షెడ్డు కనిపించదు. మరోవైపు రిఫ్ (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటారు వరుస), సోలో, సౌండ్ చెక్, ఫీడ్‌బ్యాక్ అంటూ పోతే తెలుగు వాక్యానికి ఊపిరాడదు. దీన్ని తీర్చింది కూడా ఆర్కెస్ట్రావాళ్లే. వాళ్లు రిఫ్‌ను రిఫ్ అనరు, పాటలో 'బిట్టు' అంటారు. ఫీడ్‌బ్యాక్‌ను 'మైకు కూసింది' అంటారు. డ్రమ్మరు తెలియకుండా వేగం పెంచితే పాట 'ఉరుకుతున్నది', తగ్గిస్తే 'గుంజుతున్నది'. ఈ మాటలను నేను ఒక పక్కన జాబితాగా రాసుకుని, పాత్రల నోట మాత్రమే కాక కథ చెప్పే వాక్యాల్లో కూడా వాడాను. సంభాషణల్లో మెట్టుగూడ ఎలా మాట్లాడుతుందో అలాగే ఉంచాను: ఒకే మాటలో తెలంగాణ తెలుగూ, దక్కనీ ఉర్దూ, రైల్వే ఇంగ్లీషూ కలుస్తాయి. వాటిని విడదీసి శుభ్రం చేస్తే ఆ కుర్రాళ్లు మరో ఊరివాళ్లైపోతారు.

పాటల సాహిత్యం సంగతి మరింత కష్టమైంది. ఆ కాలపు మన రాక్ బ్యాండ్లు ఎక్కువగా ఇంగ్లీషులోనే పాడేవి. కలకత్తాలో 1975లోనే మొహినేర్ ఘోరాగులి అనే బ్యాండు బెంగాలీలో పాడింది, తన పేరును కూడా బెంగాలీ కవి జీవనానంద దాస్ కవిత నుంచి తీసుకుంది. తెలుగు కుర్రాళ్లకు అటువంటి ముందుదారి లేదు. ఇంగ్లీషు పాటను తెలుగు లిపిలో రాస్తే చదవలేము, తెలుగులోకి మార్చి రాస్తే అబద్ధమవుతుంది. చివరికి నవలలో ఏ పాటనూ పూర్తిగా ఇవ్వకూడదని నిర్ణయించుకున్నాను. పాట కనిపించేదంతా తయారవుతున్నప్పుడే: ఏ మాట కొట్టేశారు, ఏ మాట దగ్గర గొంతు అందడం లేదు, ఎవరు ఎందుకు అలిగారు. పాఠకుడు పాటను వినడు, కానీ దాని కోసం జరిగిన తగవు మొత్తం వింటాడు.

కీర్తి వచ్చే భాగం రాయడం తేలిక అనుకున్నాను, కాలేదు. నవల కాలంలో మన దేశపు రాక్ బ్యాండుకు పైమెట్టు అంటే ఏమిటో మొదట నిర్ణయించుకోవాలి. వరంగల్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల (ఆర్‌ఈసీ) ఉత్సవం, మద్రాసు ఐఐటీ ఉత్సవం దాటిన తరువాత, బొంబాయిలో రంగ్ భవన్ ఆరుబయలు వేదిక. అక్కడ 1986లో మొదలైన ఇండిపెండెన్స్ రాక్ అనే రాక్ సంగీత ఉత్సవం అంటే ఆ కుర్రాళ్లకు తీర్థయాత్ర. 1993లో రెండు సంగతులు జరిగాయి. అలహాబాదు నుంచి అమిత్ సైగల్ రాక్ స్ట్రీట్ జర్నల్ అనే పత్రిక మొదలుపెట్టాడు. బొంబాయి బ్యాండు రాక్ మెషీన్ తన పేరును ఇండస్ క్రీడ్‌గా మార్చుకుంది. శాటిలైట్ టీవీ వచ్చేసింది. నా కుర్రాళ్లు సికింద్రాబాదులో రాత్రి రైలు జనరల్ బోగీ ఎక్కి, డ్రమ్ములను మరుగుదొడ్డి పక్కన కట్టివేసి, బొంబాయి చేరేది ఆ కాలంలోనే. వాళ్లకు దక్కిన ప్రసిద్ధి కొలత ఇంతే: ఒక సాయంత్రం కొన్ని వేలమంది కుర్రాళ్లు తమ పాటను తమతో కలిసి పాడడం, ఆ తరువాత పోస్టులో వచ్చిన ఒక పత్రికలో అరపేజీ. ఆ పత్రికను ఒకడి తల్లి చదవలేదు గానీ, కొడుకు బొమ్మ ఉన్నదని ట్రంకు పెట్టెలో పట్టుచీర కింద పెడుతుంది. దానితో ఇల్లు గడవదని ఆమెకూ తెలుసు, వాడికీ తెలుసు. దీన్ని చిన్నదిగా చూపించకూడదనీ, ఉన్నదానికన్నా పెద్దదిగా కూడా చూపించకూడదనీ ఎన్నిసార్లు రాసి కొట్టేశానో లెక్క లేదు. ఈ మధ్య ఒకసారి బొంబాయి వెళ్లినప్పుడు ఆ రంగ్ భవన్ ముందు నిలబడ్డాను. ఆసుపత్రి, కళాశాల దగ్గరలో ఉన్నందున శబ్దం కూడదన్న నిబంధనతో అక్కడ సంగీతం ఏనాడో ఆగిపోయింది. హాంబర్గ్‌లో ఇంద్ర క్లబ్బు మీద ఫిర్యాదు చేసిన ఇరుగుపొరుగు గుర్తుకు వచ్చారు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టిన అధ్యాయం ఎదుగుదలలో వెనుక మిగిలిపోయినవాడిది. బీటిల్స్ డ్రమ్మరు పీట్ బెస్ట్‌ను 1962 ఆగస్టు 16న తీసివేశారు. హాంబర్గ్ రాత్రులన్నీ వాళ్లతో కలిసి వాయించినవాడికి, మొదటి రికార్డు రావడానికి ఏడు వారాల ముందు, ఆ కబురు చెప్పింది తోటివాళ్లు కూడా కాదు, మేనేజరు బ్రయన్ ఎప్‌స్టైన్. ఇది చదివిన తరువాత నా నవలలో మండపాల రోజుల్లో వాళ్లతో ఉన్న ఐదోవాడు పుట్టాడు. కాసియో కీబోర్డు వాయించేవాడు, చీటీ మీద ఏ పాట వచ్చినా క్షణంలో శ్రుతి అందించేవాడు, మిగిలిన నలుగురికన్నా ఎక్కువ సంగీతం తెలిసినవాడు. రాక్ బ్యాండులో అతని కాసియోకు చోటు లేదని వాళ్లు నిర్ణయించుకుంటారు. ఆ మాట అతనికి ఎవరూ చెప్పరు. బొంబాయి రైలు టికెట్లు నాలుగే తీస్తారు. ఈ అధ్యాయాన్ని పదకొండుసార్లు తిరగరాశాను. నలుగురినీ దుర్మార్గులను చేయకుండా, అతన్ని జాలిపడవలసినవాడిగా మార్చకుండా రాయడం నాకు చేతనైనంత వరకే చేతనైంది.

అచ్చు సంగతి ఎక్కువ చెప్పను. ఒక ప్రచురణ సంస్థ ప్రతిని పద్నాలుగు నెలలు ఉంచుకుని, తెలుగు పాఠకులకు ఈ వస్తువు దూరమని తిప్పి పంపింది. వినాయక మండపం దూరమయ్యే పాఠకులు ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. కొంత డబ్బు కూడబెట్టి 500 ప్రతులు నేనే వేయించాను.

ప్రూఫులు వచ్చేముందు, 2020లో, కరోనా కారణంగా వీధి మండపాలు వెలియలేదు. ఊహ తెలిసిన తరువాత ఇంట్లో కూర్చున్న మొదటి చవితి ఇదేనన్నాడు మా పెద్దాయన. ఆ రాత్రుల్లో ఆయన మూతికి గుడ్డ కట్టుకుని మా వసారాలో దూరంగా ఒక కుర్చీలో కూర్చునేవాడు, నేను రోజుకు కొన్ని పేజీలు చదివి వినిపించేవాణ్ణి. ఆరో రాత్రి, తెల్లవారుజామున రెండు గంటలకు సొంత పాట వాయించే అధ్యాయం చదువుతున్నాను. ఆయన కుర్చీ చేతి మీద రెండు వేళ్లతో దెబ్బ వేస్తున్నట్టు నాకు కొంతసేపటికి తెలిసింది. చదవడం ఆపలేదు. డ్రమ్మరు కర్రలు పైకెత్తి రెండో చరణం ఎత్తుకునే చోట ఆయన వేళ్లు ఆగాయి.

"తమ్మీ, ఈడ ఉరుకుతుండు నీ పోరడు" అన్నాడు. "తన పాట కదా, మొదటిసారి. ఎవడైనా ఉరుకుతడు. బేస్ వాడు పట్టి గుంజాలె. వాడు గుంజినట్టు నువ్వు రాయలే."

మరునాడు ఆ చోట ఒక వాక్యం చేర్చాను: బేస్ గిటారు కుర్రాడు అతనివైపు తిరిగి, తల అడ్డంగా ఒక్కసారి ఊపి, తరువాతి స్వరాన్ని కొంచెం ఆలస్యంగా మీటాడు. ఆ రాత్రి మళ్లీ చదివినప్పుడు పెద్దాయన వేళ్లు అధ్యాయం చివరిదాకా ఆగలేదు.